గేటు బయట ఎదురుచూసిన ఆడవాళ్లు

1845 వేసవిలో న్యూయార్క్ నగరంలో కొంతమంది ఆడవాళ్లు చందాలు పోగుచేసుకుని ఒక ఇల్లు తీసుకున్నారు. అనాథ పిల్లల కోసం కాదు, వితంతువుల కోసమూ కాదు. అలాంటి ఇళ్లు ఊళ్లో అప్పటికే ఉన్నాయి, వాటికి చందా ఇవ్వడం పరువైన పనే. ఈ ఇల్లు జైలు నుంచి విడుదలైన ఆడవాళ్ల కోసం. పేరు కూడా ఏమీ దాచకుండా "విడుదలైన ఆడ ఖైదీల ఇల్లు" అనే పెట్టారు. అమెరికాలో జైలునుంచి వచ్చిన ఆడవాళ్లకు తలదాచుకునే చోటంటూ ఏర్పడిన కథ ఇక్కడ మొదలవుతుంది.

ఆడవాళ్లకి వేరే ఇల్లు ఎందుకు కావాల్సివచ్చిందంటే, ఆ రోజుల్లో జైలునుంచి వచ్చిన మగవాడు రేవులోనో పొలంలోనో కూలికి వెళ్లగలడు. అక్కడ ఎవరూ పాత కథ తవ్వరు. ఆడదానికి దొరికే పని దాదాపు ఒకటే, ఎవరింట్లోనో పనిమనిషిగా చేరడం. దానికి అంతకుముందు చేసిన ఇంటివాళ్లు నడవడిక మంచిదని రాసిచ్చిన ఉత్తరం కావాలి. జైల్లో రెండేళ్లున్న మనిషి ఆ ఉత్తరం ఎక్కడినుంచి తెస్తుంది? ఉత్తరం లేకపోతే పని లేదు, పని లేకపోతే గది లేదు, గది లేకపోతే వీధి. వీధిలో నిలబడ్డ ఆడదాన్ని పోలీసులు మళ్లీ పట్టుకెళ్తారు. ఇలా తిరిగే చక్రం అది. మనకి ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్ అంటే కంప్యూటర్లో కొట్టి చూసేది. అప్పుడది కాగితం మీద ఉండేది, అంతే తేడా.

ఆ ఇంటి వెనుక ఉన్న ముఖ్యమైన మనిషి అబిగైల్ హాపర్ గిబ్బన్స్. అందరూ అబ్బీ అనేవాళ్లు. క్వేకర్ల ఇంటి ఆడపడుచు, 1801లో పుట్టింది. తండ్రి ఐజాక్ హాపర్ ఫిలడెల్ఫియాలో ఉన్నన్నాళ్లూ పారిపోయి వచ్చిన బానిసలకు దారి చూపించిన మనిషి. 1844 చివర్లో న్యూయార్క్‌లో ఖైదీల సంక్షేమానికి ఒక సంఘం పెట్టినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఆయన దానికి ఏజెంటుగా చేరాడు. విడుదలైనవాళ్లకి పని వెతికిపెట్టడం ఆయన ఉద్యోగం. కూతురు ఆ సంఘంలోనే మహిళా విభాగం చూసుకుంది.

ఈ కుటుంబం గురించి ఒక సంగతి చెప్పాలి. బానిసత్వానికి వ్యతిరేకంగా మరీ గట్టిగా మాట్లాడుతున్నారని 1841లో క్వేకర్ల సభ ఐజాక్ హాపర్‌నీ, అబ్బీ భర్తనీ తమలోంచి వెలివేసింది. ఆ మరుసటేడు అబ్బీ తనే ఆ సభకి రాజీనామా ఇచ్చేసింది. తన వాళ్లే తలుపు మూస్తే ఎలా ఉంటుందో ఆమెకి పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర్లేకపోయింది.

అదే సమయంలో సింగ్ సింగ్ జైలు ఆడవాళ్ల విభాగంలో ఇంకో ఆవిడ, ఎలైజా ఫార్నమ్, 1844లో మేట్రన్‌గా చేరింది. ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడకూడదన్నది అప్పటి జైళ్ల నియమం. ఫార్నమ్ ఆ నియమాన్ని సడలించింది. పుస్తకాలు చదివించింది, గదుల్లో పూలు పెట్టించింది, సంగీతం వినిపించింది. ఖైదీలకి నవలలేమిటని పెద్దలు గోలపెట్టారు. 1848లో ఆవిడ ఉద్యోగం వదిలి వెళ్లాల్సివచ్చింది. రచయిత్రి మార్గరెట్ ఫుల్లర్ ఆ జైలుకి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడి వచ్చి, న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో ఈ కొత్త ఇంటికి సాయం చెయ్యమని రాసింది. నవలలు రాసే కాథరిన్ సెడ్జ్‌విక్ దాని నిర్వహణలో చాలా ఏళ్లు ఉంది. కారొలిన్ కర్క్‌లాండ్ ఆ ఇంటికి డబ్బు కూడబెట్టడానికి 1853లో ఒక పుస్తకమే తెచ్చింది. మొత్తానికి రాయడం వచ్చిన ఆడవాళ్లు రాసి, కుట్టడం వచ్చినవాళ్లు కుట్టి, డబ్బున్న ఇళ్లలో అడగడం వచ్చినవాళ్లు అడిగి ఆ ఇంటిని నడిపారు.

ఇంట్లో ఏం చేసేవాళ్లు? కుట్టుపని, బట్టలుతికి ఇస్త్రీ చెయ్యడం, చదువురానివాళ్లకి అక్షరాలు. కొన్ని వారాలో నెలలో ఉన్నాక, నగరానికి దూరంగా ఏ పల్లెలోనో నమ్మకస్తుల ఇంట్లో పనికి పెట్టేవాళ్లు. ఇక్కడ అసలు మెలిక ఏంటంటే, ఆ నడవడిక ఉత్తరం ఇప్పుడు ఈ ఇల్లు రాసిచ్చేది. లేని ఉత్తరాన్ని పుట్టించడమే ఆ ఇంటి అసలు పని అని నాకనిపిస్తుంది. మిగతాదంతా దానికోసమే.

అలాగని అంతా పూలబాట కాదు. నియమాలు గట్టిగా ఉండేవి, బోధలు ఎక్కువ. పెద్దింటి ఆడవాళ్లు పేదింటి ఆడవాళ్లని సరిదిద్దుతున్నామన్న ధోరణి ఆ కాలపు రాతల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. భరించలేక వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. కానీ ఒకటి మాత్రం నిజం. మగవాళ్ల సంఘం నీడలో ఉంటే తమ మాట సాగదని తెలిశాక, 1854లో వీళ్లు విడిపోయి సొంత సంస్థ పెట్టుకున్నారు. అదే విమెన్స్ ప్రిజన్ అసోసియేషన్. 1874లో సెకండ్ అవెన్యూలో 110 నంబరు ఇల్లు కొన్నారు. దానికి ఐజాక్ హాపర్ పేరే పెట్టారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, 2009లో న్యూయార్క్ నగరం దాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. న్యూయార్క్ వెళ్లినప్పుడు మనవాళ్లు ఈస్ట్ విలేజ్‌లో ఆరో వీధిలో ఇండియన్ రెస్టారెంట్లకి వెళ్తుంటారు కదా, ఆ మలుపు తిరిగితే ఆరో వీధికీ ఏడో వీధికీ మధ్యలో ఉంటుంది. ఎన్నిసార్లు దాని ముందునుంచి నడిచామో!

అబ్బీ గిబ్బన్స్ అక్కడితో ఆగలేదు. అంతర్యుద్ధంలో నర్సుగా పనిచేసింది. 1863లో సైన్యంలో నిర్బంధ భర్తీకి వ్యతిరేకంగా న్యూయార్క్‌లో అల్లర్లు జరిగినప్పుడు, బానిసత్వ వ్యతిరేకుల ఇల్లని గుంపు ఆమె ఇంటిమీద పడి ధ్వంసం చేసింది. పోలీస్ స్టేషన్లో పట్టుకొచ్చిన ఆడవాళ్లని మగ పోలీసులు సోదా చెయ్యకూడదు, ఆడవాళ్లే ఉండాలి అని ఏళ్లతరబడి పోరాడింది. ఆడవాళ్లకి వేరే జైలు కావాలని 1892లో, తొంభై దాటిన వయసులో, చట్టసభవాళ్లని కలిసి బిల్లు నెగ్గించుకుంది. మరుసటేడు జనవరిలో పోయింది.

మగవాళ్లెవరూ లేరా అంటే ఉన్నారు. బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన 1841లో కోర్టులో ఒక తాగుబోతుని చూసి, నేను పూచీ ఉంటానని విడిపించుకుని తీసుకెళ్లాడు. 1859లో చనిపోయేలోగా 1,900 మందికి పైగా పూచీ పడ్డాడు. వాళ్లలో ఆడవాళ్లు, ఆడపిల్లలు కూడా ఎంతోమంది. కొంతమందిని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. అమెరికాలో ప్రొబేషన్ అనే పద్ధతికి ఆయన్నే ఆద్యుడంటారు. ఆయన దుకాణం సరిగా సాగక అప్పులపాలయ్యాడన్నది పాఠ్యపుస్తకాల్లో అంతగా చెప్పరు.

ఇక మాడ్ బూత్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఆమె కథ మనల్ని తిన్నగా బాపట్ల దాకా తీసుకెళ్తుంది. సాల్వేషన్ ఆర్మీ స్థాపించిన విలియం బూత్‌కి ఆవిడ కోడలు. ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చి, 1896లో భర్తతో కలిసి మామగారి సంస్థ నుంచి విడిపోయి వలంటీర్స్ ఆఫ్ అమెరికా పెట్టింది. అదే ఏడు సింగ్ సింగ్ జైలుకి వెళ్లి ఖైదీలతో మాట్లాడింది. బయటికొచ్చాక ఉండటానికి చోటుంటే చాలన్నది వాళ్ల బాధ అని తెలుసుకుని, హోప్ హాల్ అనే ఇళ్లు తెరిచింది. ఖైదీలు ఆవిడని చిన్నమ్మ అన్నంత ప్రేమగా 'లిటిల్ మదర్' అని పిలుచుకునేవాళ్లు. 1903లో ఆవిడ రాసిన పుస్తకం పేరే 'ఆఫ్టర్ ప్రిజన్ వాట్?', అంటే జైలు తర్వాత ఏంటి? అని. ఆ ఇళ్లలో ఆవిడ పట్టుబట్టిన విషయం, కాపలా ఉండకూడదు, ఇల్లు ఇల్లులా ఉండాలి. జైల్లో ఉన్నవాళ్ల భార్యలకీ పిల్లలకీ బట్టలు, తిండి అందించే ఏర్పాటు కూడా చేసింది. శిక్ష కోర్టు ఒకరికే వేసినా ఇంటిల్లిపాదికీ పడుతుందన్న సంగతి ఆమెకి తెలుసు.

ఇప్పుడు బాపట్ల. బూత్ కుటుంబపు అసలు సంస్థ సాల్వేషన్ ఆర్మీయే 1913లో బ్రిటిష్ ప్రభుత్వంతో కలిసి మన కోస్తాలో ఇంకోరకం ఊరు కట్టింది. అదే స్టువర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలో అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. దానికింద ఎరుకల కుటుంబాలని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టి, అక్కడికి తెచ్చి పెట్టారు. పని ఇస్తాం, బడి పెడతాం, బాగుచేస్తాం అన్నారు. పనీ బడీ నిజంగానే ఇచ్చారు. కానీ అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు, హాజరు వేయించుకోవాలి.

న్యూయార్క్‌లో మాడ్ బూత్ కాపలా వద్దన్న ఇల్లు ఒకటి, బాపట్ల దగ్గర హాజరుపట్టీతో నడిచిన ఊరు ఒకటి. రెండింటి వెనకా ఒకే కుటుంబం, ఒకే మతనిష్ఠ, దాదాపు ఒకే కాలం. ఈ చరిత్ర చదువుతున్నకొద్దీ నాకు కనిపించేది ఈ తేడాయే. ఆసరా అనే పేరుతోనే సాయమూ జరిగింది, కాపలా కూడా జరిగింది. సాయానికి వచ్చినవాళ్ల చేతిలో అన్నం గిన్నె ఉందా, రిజిస్టరు ఉందా అన్నది చూడాలి. చాలాసార్లు రెండూ ఉంటాయి, అదే చిక్కు.

ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో, దేశమంతా 1952లో రద్దు చేశారు. చట్టం పోయింది గానీ పేరు పోలేదు. స్టువర్టుపురం అంటే దొంగల ఊరనే మన సినిమాలు ఇప్పటికీ చెబుతున్నాయి. ఆ ఊరి పిల్లలు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే ఊరి పేరు చూసి ఏమనుకుంటారో అన్న బెంగ తరాలపాటు మిగిలిపోయింది.

ఆ ఊరికి 1970లలో వెళ్లిన మనిషి హేమలత లవణం. మహాకవి గుర్రం జాషువా గారి అమ్మాయి, గోరా గారి కోడలు. పుట్టుకతోనే మనిషికి ముద్ర వేస్తే ఎలా ఉంటుందో జాషువా గారింట్లో పుట్టినమ్మాయికి ఒకరు చెప్పాలా! భర్త లవణం గారితో కలిసి ఆమె స్టువర్టుపురంలో ఇళ్లకి వెళ్లి కూర్చుంది. ఆడవాళ్లతో మాట్లాడింది. దొంగతనం మానేస్తానన్నవాళ్లకి పని చూపించడం, పాత కేసుల చిక్కు విప్పుకోడానికి తోడుండటం, పిల్లల్ని బడికి పంపించడం, ఇదీ వాళ్ల 'సంస్కార్' చేసిన పని. అప్పటి జలగం వెంగళరావు ప్రభుత్వం సహకరించింది. ఆ తర్వాత నిజామాబాద్ ప్రాంతంలో జోగినీల కోసం కూడా ఆవిడ పనిచేసింది. 2008లో పోయింది. ఆవిడ గురించి మన పిల్లలకి చెప్పాలంటే 'ఫలానావారి కూతురు' అనే మొదలుపెట్టాల్సివస్తోంది, నేనూ అదే చేశాను చూడండి. అయినా ఆ పని ఆవిడదే.

మన దగ్గర ఇంకో చిత్రమైన విషయం ఉంది. మన తాతమ్మల కాలంలో జైలుకెళ్లొస్తే మెడలో దండలు వేసేవాళ్లు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లడం వంశానికి గౌరవం. అలా వెళ్లినవాళ్లలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. 1930 నుంచి మూడేళ్లలో మూడుసార్లు జైలుకెళ్లింది. మధుర జైల్లో ఉన్నప్పుడు ఆమెకి దండలు దొరకని ఖైదీలు కనిపించారు. హత్య కేసుల్లో శిక్షపడ్డ పల్లెటూరి ఆడవాళ్లు. చాలామందికి కోర్టులో ఏం జరిగిందో తెలీదు, తమ తరఫున ఎవరు మాట్లాడారో తెలీదు. బయటికొచ్చాక తాను లా చదవాలని దుర్గాబాయి నిర్ణయించుకోవడానికి ఆ ఆడవాళ్లే కారణమని తన ఆత్మకథలో చెప్పుకుంది. మెట్రిక్ దగ్గర మొదలుపెట్టి లా దాకా చదివింది. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది.

1953లో కేంద్ర సంఘ సంక్షేమ బోర్డుకి ఆమే మొదటి అధ్యక్షురాలు. మరుసటేడు ఆ బోర్డు రెండు కమిటీలు వేసింది. అందులో ఒకటి ఎం.ఎస్. గోరే అధ్యక్షతన, జైళ్లనుంచీ ఇతర సంస్థలనుంచీ బయటికి వచ్చేవాళ్లకి ఆ తర్వాత ఏం చెయ్యాలన్న దానిమీద. ఆ నివేదికల మీదే రెండో పంచవర్ష ప్రణాళికలో రాష్ట్రాల్లో ఆశ్రయ గృహాలు వచ్చాయి. మధుర జైల్లో ఒక ఖైదీ చూసిన సంగతి, ఇరవై ఏళ్లకి ఢిల్లీలో ప్రభుత్వ పథకం అయిందన్నమాట. ఆ గృహాలు తర్వాత ఎలా తయారయ్యాయన్నది వేరే కథ. గోడలు పెరిగాయి, వెళ్లినవాళ్లు బయటికి రావడం కష్టమైంది. మళ్లీ అదే చిక్కు.

మళ్లీ అమెరికాకి వద్దాం, ఎందుకంటే ఇక్కడ లెక్కే మారిపోయింది. 1970ల మొదట్లో రాష్ట్ర, ఫెడరల్ జైళ్లలో కలిపి దాదాపు 2 లక్షల మంది ఉండేవాళ్లు. 2009 నాటికి 16 లక్షలయ్యారు. ఆడవాళ్లు 1980లో సుమారు 13 వేలు, 2010కి లక్ష దాటారు. లోపలికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఎప్పటికైనా బయటికి రావాల్సినవాళ్లే. ఏటా 6 లక్షలకి పైగా వస్తున్న రోజుల్లో, వాళ్లు బయట నిలబడగలిగే నేలని 1990ల చట్టాలు ఒక్కొక్కటిగా లాగేశాయి. 1994లో ఖైదీలకి కాలేజీ చదువుకి పెల్ గ్రాంటు ఆపేశారు. 1996లో డ్రగ్స్ నేరంలో శిక్షపడ్డవాళ్లకి ఫుడ్ స్టాంపులు జీవితాంతం బంద్ అన్నారు. చాలా రాష్ట్రాలు తర్వాత సడలించుకున్నాయి. 1997 చట్టం ప్రకారం, పిల్లలు 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే తల్లిదండ్రుల హక్కులు రద్దుచెయ్యమని రాష్ట్రం కోర్టుకి వెళ్లాలి. రెండేళ్ల శిక్షపడ్డ తల్లి, పిల్లల్ని చూసుకోడానికి చెల్లెలో అమ్మో లేకపోతే, బయటికి వచ్చేసరికి చట్టం దృష్టిలో తల్లే కాకుండా పోవచ్చు. ఈ ఒక్కటి చదివినప్పుడు నాకు కాసేపు చదవడం సాగలేదు.

ఆ రోజుల్లోనే లాస్ ఏంజిలస్‌లో సూసన్ బర్టన్ అనే నల్లజాతి స్త్రీ జైలుకీ వీధికీ మధ్య తిరుగుతూ ఉంది. ఐదేళ్ల కొడుకు ఒక పోలీసు నడిపిన వాహనం కింద పడి చనిపోయాడు. ఆ దుఃఖంలో తాగుడు, డ్రగ్స్, జైలు. విడుదలైన ప్రతిసారీ గేటు దగ్గర చేతిలో పెట్టే డబ్బు 200 డాలర్లు. కాలిఫోర్నియాలో 1973లో పెట్టిన మొత్తం అది, దశాబ్దాలు గడిచినా పెరగలేదు. బస్సు దిగే చోట డ్రగ్స్ అమ్మేవాళ్లు, ఆడవాళ్లతో వ్యాపారం చేసేవాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. ఎవరో ఒకరు ఎదురుచూసే మాట నిజమే, కాకపోతే ఆ ఎదురుచూసేది వాళ్లు. చికిత్స దొరికి కోలుకున్నాక, 1998లో వాట్స్ ప్రాంతంలో ఒక చిన్న ఇల్లు సంపాదించి, అదే బస్టాండుకి తనే వెళ్లి నిలబడింది. దిగినవాళ్లని, మా ఇంటికి రా, అని పిలుచుకొచ్చింది. 'ఎ న్యూ వే ఆఫ్ లైఫ్' అలా మొదలైంది. ఈవిడకి పెద్దింటి పేరు లేదు, చట్టసభలో పరిచయాల్లేవు. 1845 నాటి ఆడవాళ్లకి తెలియనిది ఒకటి ఈవిడకి తెలుసు, ఆ బస్సు దిగడం ఎలా ఉంటుందో.

చట్టాలు మెల్లగా అటువైపు కదిలాయి. 2008 ఏప్రిల్‌లో సెకండ్ ఛాన్స్ చట్టం వచ్చింది, బుష్ సంతకం చేశాడు. ఉద్యోగ దరఖాస్తులో నేరచరిత్ర గురించి అడిగే గడిని మొదట్లోనే పెట్టకూడదని 1998లో హవాయి చట్టం చేస్తే తర్వాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి. పెల్ గ్రాంటు 2023 జులైలో ఖైదీలకి మళ్లీ వచ్చింది.

ఇదంతా వాళ్ల కథ, మనకేంటి అనుకునేవాళ్లుంటారని తెలుసు. మనవాళ్లూ జైలుకి వెళ్తున్నారు. తాగి బండి నడిపి, ఇంట్లో చెయ్యి చేసుకుని, వీసా కాగితాల్లో మోసం చేసి, దుకాణంలో దొంగతనం చేసి, ఆన్‌లైన్ మోసాల ముఠాలకి డబ్బు చేరవేసి. ఫోటో వార్తల్లో వచ్చిన గంటలో మన గ్రూపులన్నీ చుట్టేస్తుంది. శిక్ష అయిపోయి బయటికొచ్చిన రోజు మాత్రం ఏ గ్రూపులోనూ ఒక్క మెసేజ్ రాదు.

మనవాళ్లకి ఇక్కడ అదనపు ముడి ఒకటుంది. పౌరసత్వం లేనివాళ్లకి జైలు గేటు ఒకటి కాదు, రెండు. 1996 ఇమిగ్రేషన్ చట్టం, 'అగ్రవేటెడ్ ఫెలనీ' అనే జాబితాని బాగా పెంచేసింది. దొంగతనానికి ఏడాది శిక్ష పడితే చాలు, ఆ శిక్షని కోర్టు సస్పెండ్ చేసి ఒక్కరోజు కూడా లోపల ఉంచకపోయినా సరే, ఆ జాబితాలోకి వస్తుంది. పదివేల డాలర్లు దాటిన నష్టం ఉన్న మోసం కూడా అంతే. గ్రీన్‌కార్డు ఉన్నా కాపాడదు. అందుకే శిక్ష అయ్యాక గేటు దగ్గర ఇంటివాళ్ల బదులు ఇమిగ్రేషన్ వాళ్లు ఉంటారు. రాష్ట్ర కోర్టు రికార్డు చెరిపేసినా ఇమిగ్రేషన్ లెక్కలో సాధారణంగా అది చెరగదు. 2010లో సుప్రీంకోర్టు, పడీల్లా కేసులో, నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ పర్యవసానాలు చెప్పడం లాయరు బాధ్యత అని తేల్చింది. త్వరగా అయిపోతుందిలే అని ఒప్పందానికి సంతకం పెట్టేముందు, క్రిమినల్ లాయరుతోపాటు ఇమిగ్రేషన్ లాయరుని కూడా అడగండి. అరెస్టయిన మన పౌరుడు కోరితే కాన్సులేట్‌కి తెలియజేయాలన్నది వియన్నా ఒడంబడిక ఇచ్చిన హక్కు. ఇవి తెలియక దెబ్బతినేది ముందు ఇంటి ఆడవాళ్లే. భర్త హెచ్-1 పోతే భార్య హెచ్-4 కూడా దానితోనే పోతుంది.

మనకి ఆదుకోవడం చేతకాదని కాదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుందా? ప్రభుత్వమే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. వందకి పైగా విద్యార్థులు నిర్బంధంలోకి వెళ్లారు, ఎక్కువమంది తెలుగు పిల్లలే. రాత్రికి రాత్రి తెలుగు సంఘాలు లాయర్లని పెట్టాయి, గ్రూపుల్లో ఫోన్ నంబర్లు తిరిగాయి. పిల్లలు మోసపోయారు, అందుకని మన చెయ్యి ముందుకెళ్లింది. అదే కేసులో విద్యార్థులని చేర్పించారని ఎనిమిదిమందిపై కుట్ర అభియోగం పెట్టారు. వాళ్లూ మనవైపు ఇళ్ల కుర్రాళ్లే. వాళ్ల ఇళ్లకి ఎవరైనా ఫోన్ చేశారా? అబ్బీ గిబ్బన్స్ ఇల్లు మోసపోయినవాళ్లకి కాదు, నేరం చేసి శిక్ష అనుభవించినవాళ్లకి తెరిచింది. మనం ఇంకా ఆ గడప దాటలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. భార్యని కొట్టి జైలుకెళ్లినవాడు తిరిగొస్తే, ఆదుకోవడమంటే ఆమెని సర్దుకుపొమ్మనడం కాదు. వాడికి గది, పని, చికిత్స ఎక్కడో చూడాలి, ఆమె ఇంటి తాళం మాత్రం ఆమె దగ్గరే ఉండాలి. మన పెద్దవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి, పిల్లల మొహం చూసైనా, అని మొదలుపెడతారు. అలా మొదలుపెట్టినవాళ్లని అక్కడే ఆపాలి.

ఇక మిగిలింది చిన్న చిన్న పనులే, గొప్పవేం కావు. మన గ్రూపుల్లో బాలింతకి పథ్యం వంట పంపుతాం, కొత్తగా వచ్చిన పిల్లకి ఎయిర్‌పోర్టు నుంచి రైడ్ ఇస్తాం, పీజీ వెతుకుతాం. విడుదలైన మనిషికి మొదటి వారం కావాల్సినవీ ఇలాంటివే. ఫోను, ఐడీ కార్డు తీసుకోడానికి ఆఫీసుకి తీసుకెళ్లే బండి, రెండు జతల బట్టలు, నడవడిక గురించి సంతకం పెట్టే ఒక మనిషి. వెనక్కి పంపేస్తే హైదరాబాద్‌లో దిగినప్పుడు అదే. ఊళ్లో అమ్మానాన్నలు సిగ్గుతో రాలేకపోతే, పిన్నో మేనత్తో ఒక్కరైనా శంషాబాద్ వెళ్లి నిలబడాలి. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోల్ బంకులు పెట్టి శిక్ష పూర్తయినవాళ్లకి అందులో పని ఇచ్చింది. చంచల్‌గూడ దగ్గర ఆడవాళ్లే నడిపే బంకు కూడా పెట్టారు. జైలువాళ్లే పని ఇస్తుంటే చుట్టాలు మొహం చాటెయ్యడం బావోదు.

లోపల ఉన్నన్నాళ్లు ఫోన్ చెయ్యడం కూడా ఖర్చే. వాషింగ్టన్ డీసీలో మార్తా రైట్ అనే ఒక మామ్మగారు ఉండేవారు. నర్సుగా రిటైరయ్యారు, చూపు పోయింది, అందుకని ఉత్తరాలు రాసుకోడానికి లేదు. జైల్లో ఉన్న మనవడితో మాట్లాడాలంటే ఫోనే. ఆ బిల్లుకీ మందులకీ మధ్య నలిగిపోయి, 2000లో ఆవిడ ఫోన్ కంపెనీల మీద కోర్టుకెళ్లారు. కోర్టు ఎఫ్‌సీసీకి వెళ్లమంది. వెళ్లారు. ఏళ్లు గడిచాయి. ఆవిడ 2015లో పోయారు. జైలు ఫోన్ల ధరల్ని అదుపుచేసే అధికారం ఎఫ్‌సీసీకి ఇచ్చిన చట్టం ఆవిడ పేరుమీదే 2023 జనవరిలో వచ్చింది.